దేవమ్మ సగం పాట

గుండ్లదొడ్డి దేవమ్మకు ఎన్ని పాటలు వచ్చో ఎవరూ లెక్కపెట్టలేదు. వాటిలో ఒక్కటి కూడా తనకు పూర్తిగా రాదన్న సంగతి మాత్రం ఆమెకే చాలా ఆలస్యంగా తెలిసింది. వెంట్రుకలు సగానికి పైగా తెల్లబడ్డాక, అదీ గుండ్ల మధ్య జరిగే పాటల పండుగలో పాడతానని ఒప్పుకొన్నాక.

ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి పోయే దారిలో రోడ్డు దిగి, ఆటోలో కాస్త లోపలికి పోతే గుండ్లదొడ్డి వస్తుంది. ఊరికి పడమట అంతా రాతిగుండ్లే. ఏనుగంత గుండు మీద ఇల్లంత గుండు, దాని మీద ఎవరో ఆడుకుంటూ పెట్టి మరిచిపోయినట్టు ఇంకొకటి. సందుల్లో సీతాఫలం చెట్లు. మిగతా మూడు దిక్కులా నల్లరేగడి. వాన పడిన ఏడు ఆ నేల మీద పత్తి పగిలి తెల్లగా నవ్వుతుంది. పత్తితీతలు ముగిశాయంటే ఊళ్లో సగం ఇళ్ళకు తాళాలు పడతాయి. జనం మూటలు కట్టుకొని గుంటూరు దిక్కు మిరపకాయల కోతకు పోతారు. ఆ పోవడాన్ని ఇక్కడ సుగ్గి అంటారు. దేవమ్మ కాపురానికి వచ్చిన ఏడు నుంచి సుగ్గికి పోతూనే ఉంది.

చేలో పాట ఇద్దరిది. ఆడవాళ్ళు వరసగా సాళ్ళు పట్టి నడుము వంచి పోతుంటే ఒకామె ఎత్తుకుంటుంది, పక్క సాలులో ఆమె అందుకుంటుంది. ఎత్తేది ఎప్పుడూ అడగడమే. దారిలో ఎవరొస్తున్నారు, నా ఇల్లు ఎట్లుంది, నా దూడ ఎట్లుంది, అని. అందుకొనేది ఎప్పుడూ చెప్పడమే. అడిగే మాటలు తరాలుగా వస్తున్నవే. చెప్పే మాటలు మాత్రం ఏ పొద్దుకు ఆ పొద్దు కొత్తవి. ఆ రోజు ఎండ ఎట్లుంది, ఎవరి ముఖం వాడిపోయింది, ఎవరికి ఇంటి మీద గాలి మళ్లింది, అన్నీ చూసుకొని అందుకొనే ఆమె అప్పటికప్పుడు కట్టి చెప్తుంది. అట్లా ఇద్దరికి జత కుదిరితే ఇక ఆ జత కుదిరినట్టే. మేస్త్రి కూడా వాళ్ళను పక్క పక్క సాళ్ళలోనే నిలబెడతాడు.

దేవమ్మ ఎత్తేది. అందుకొనేది మరియమ్మ. మరియమ్మ ఎవరో కాదు, దేవమ్మ మొగుడు బజారికి సొంత చెల్లెలు. వాళ్ళ ఇల్లు చర్చికి పోవడం మొదలుపెట్టక ముందు పుట్టినవాడు బజారి, పెట్టాక పుట్టింది మరియమ్మ. పెళ్ళి కూడా ఆ ఊరివాడితోనే అయింది కాబట్టి, మొగుడు పోయాక కూడా అన్న ఇంటి గోడకు ఆనుకొని ఉన్న తన ఇంట్లోనే ఉంటోంది. ఆడబిడ్డ, వదినెల మధ్య ఊళ్లో వంద రగడలు జరుగుతాయి. ఈ ఇద్దరి మధ్య మాత్రం పాట ఉంది. కొత్త కోడలుగా వచ్చి పుట్టింటి మీద బెంగతో చేలో దేవమ్మ మొదటిసారి గొంతెత్తినప్పుడు, అడిగిన మాట నేల మీద పడకుండా అందుకొన్నది అప్పటికి పరికిణీ వయసు దాటని మరియమ్మే.

అంతటి జత విడిపోయి రెండేళ్లు కావస్తోంది.

జరిగింది చెప్పుకొంటే చాలా చిన్నది. ముందటేటి సుగ్గిలో, గుంటూరు దిక్కు ఒక మిరపచేను దగ్గర దేవమ్మకు జ్వరం తగిలింది. కాలువ ఇవతల ప్లాస్టిక్ పట్టాలు కట్టుకొన్న గుడిసెలో ఆమె పడుకొని ఉంది. అందరూ కాలువ అవతల కోతకు పోయారు. మిట్టమధ్యాహ్నం, నోరు చేదు, కళ్ళు మూస్తే ఎర్రగా మిరపకాయలే. అప్పుడు వినిపించింది పాట. ఎత్తింది కోసిగి దిక్కు నుంచి వచ్చిన భాగ్య. పెళ్ళై ఏడాది కూడా కాని పిల్ల, గొంతు సన్నం. సరే, ఎవరో ఒకరు ఎత్తుతారు, చేను మూగగా ఉండదు కదా అనుకొంది దేవమ్మ. ఆ వెంటనే అందుకొన్న గొంతు విని మంచం మీద లేచి కూర్చుంది.

అది మరియమ్మ గొంతు. ఎప్పుడూ లేనంత గట్టిగా, కాలువ దాటి, గట్టు దాటి, గుడిసె పట్టా అదిరేటట్టుగా.

"వాకిలి సల్లగుంది వదినా, దూడ పాలు తాగింది
నువ్వు కూకున్న తావొకటే సిన్నబోయింది"

తన పక్కన పాడినప్పుడు ఏనాడైనా ఆ గొంతు అంత తెరుచుకుందా? పడుచుపిల్ల జత దొరికేసరికి ఎంత హుషారు! దేవమ్మను జ్వరం కంటే ఆ మాట ఎక్కువ కాల్చింది. సాయంత్రం గంజి కాచి తెచ్చిన మరియమ్మ వైపు తిరగలేదు. "ఆడ పెట్టిపో" అంది. అంతే. ఆ తర్వాత ఎత్తలేదు. నిరుడు సుగ్గిలో మేస్త్రిని అడిగి మరీ దూరపు సాలుకు మారింది. అది చూసి మరియమ్మ కూడా ఏమీ అనలేదు. భాగ్య నిరుడు రానే లేదు, అయినా మరియమ్మ ఇంకెవరికీ అందుకోలేదు. ఆ సంగతి దేవమ్మ గమనించింది గానీ, గమనించనట్టే ఉండిపోయింది.

ఒక గోడకు అటూ ఇటూ ఉండి మాట్లాడుకోకుండా ఉండడం తేలిక కాదు. అందుకని మేకతో మాట్లాడేవాళ్ళు. మేక బజారిది, రెండు వాకిళ్ళ మధ్య గుంజకు కట్టేసి ఉండేది.

"ఓ మేకా, కొళాయిలో నీళ్ళొచ్చినాయని ఎవరికన్నా కావాల్నంటే సెప్పు" అనేది దేవమ్మ.

"మేకా, మాకు తెలుసులే గానీ, వాళ్ళ పొయ్యి మీద ఏందో మాడుతాండాది, ముక్కు పన్జేయకుంటే సూసుకొమ్మను" అనేది మరియమ్మ.

మధ్యలో బజారి బీడీ ముట్టించుకొని, "ఈ మేకకు రొండు భాషలు వచ్చేటట్టుండాయి" అనేవాడు. ఇద్దరూ ఒకేసారి అతని మీద లేచేవాళ్ళు. ఆ ఒక్క క్షణం మాత్రం ఇద్దరూ ఒకే పక్షం.

పాటల పండుగ ఊరికి వచ్చింది కూడా ఈ మధ్యకాలంలోనే. ఆదోనిలో పుట్టి పెరిగి బెంగుళూరులో ఉద్యోగం చేసే రాధిక అనే అమ్మాయి, తన స్నేహితులతో కలిసి డిసెంబరు చలిలో రెండు రోజులు ఆ గుండ్ల మధ్య పాటలు పెట్టించడం మొదలుపెట్టింది. మొదటి ఏడు ఊరివాళ్ళు గుండ్లెక్కి దూరం నుంచి చూశారు. రెండో ఏడు దగ్గరికి వచ్చి కూర్చున్నారు. మూడో ఏటికి పొదుపు సంఘం ఆడవాళ్ళు వచ్చినవాళ్ళకు ఉగ్గాని, బజ్జీ వండిపెట్టే పని తీసుకొన్నారు. పాడడానికి మాత్రం ఊరివాళ్ళెవరూ పోలేదు. ఎవరూ పిలవలేదు కాబట్టి, తమది పాట అని వీళ్ళూ అనుకోలేదు కాబట్టి.

దేవమ్మను పిలవమని రాధికతో చెప్పింది ఎమ్మిగనూరు మైకుసెట్టు జయరాజు. పెళ్ళికైనా, ప్రార్థన కూటానికైనా, పండుగకైనా ఆ దిక్కున అతని మైకులే.

రాధిక వచ్చినప్పుడు దేవమ్మ వాకిట్లో కూర్చుని ఎండిన పత్తికాయలు వలుస్తోంది. గోడవతల మరియమ్మ రోట్లో కారం దంచుతోంది.

"పెద్దమ్మా, మీరు బాగా పాడతారంట కదా?"

"ఎవురు సెప్పినారు పాపా?"

"జయరాజన్న."

"వానికేం తెలుసు. వాని మైకు వానిది."

"చేలో పాడే పాటలే. మీరు ఎట్లా పాడతారో అట్లానే. కిందే కూర్చుంటాం అందరం. గుండు మీద నిలబడి పాడొచ్చు."

"సేలో పాట సేలో పాడాల. గుండు మీద పాడితే ఏం మొలుస్తాది?"

రాధిక నవ్వింది. తనూ వచ్చి పక్కన కూర్చుని ఒక కాయ తీసుకొని వలవబోయింది. గీరుకుపోయి వేలు చప్పరించుకుంది. ఆ పనితో దేవమ్మకు పిల్ల మీద ఇష్టం కలిగింది.

"మీతోపాటు ఇంకెవరైనా పాడతారా పెద్దమ్మా?" అని అడిగింది రాధిక.

గోడవతల రోకలి ఆగింది.

ఆగిందని దేవమ్మకు తెలిసింది. ఆగి, వింటోందని కూడా తెలిసింది. ఒక్క మాట చాలు. నోటి దాకా వచ్చింది కూడా. ఇంతలో మిరపచేను, కాలువ, ఆ గట్టి గొంతు గుర్తొచ్చాయి.

"ఎవురూ లేరు. నేనొక్కదాన్నే" అంది.

రోకలి మళ్ళీ పడింది. ముందుకంటే గట్టిగా.

రాధిక పోయాక, చేయి కడుక్కొని, మేక ముందు నిలబడి, ఎలా ఉంటుందో చూద్దామని దేవమ్మ ఎత్తుకుంది. దారిలో ఎవరొస్తున్నారని అడిగింది. అడిగి ఆగింది. అలవాటు కొద్దీ ఆగింది. తర్వాత ఏమిటి? తర్వాత అడగాల్సింది తెలుసు, దాని తర్వాతదీ తెలుసు. ఎన్ని ఉన్నాయో అన్నీ అడిగే మాటలే. మధ్యలో రావలసినవి ఒక్కటీ తన నోట లేవు. ఇన్నేళ్ళు విన్నది కదా, వచ్చి ఉండాలి. కానీ మరియమ్మ చెప్తున్నప్పుడు తను ఊపిరి తీసుకొనేది, చెట్టు మారేది, తర్వాతి మాట వెతుక్కొనేది. విన్నది మనసుకు పట్టి చల్లబడేది గానీ మాటలుగా మిగిలేది కాదు. మిగలడానికి అవి ఒకనాటివి ఇంకొకనాడు ఉండేవి కూడా కావు. మిగిలిందల్లా గుడిసెలో విన్న ఆ ఒక్క ముక్క. అది తలుచుకోవడానికి కూడా ఆమెకు ఇష్టం లేదు.

సాయంత్రం బజారి పశువులకు మేత వేసి రాగానే పట్టుకొంది.

"నేను ఎత్తినాక నువ్వు అందుకో."

"నేనా? ఏమని?"

"ఏందో ఒకటి. నా వాకిలి ఎట్లుందని అడుగుతాను, నువ్వు సెప్పాల."

"వాకిలి బాగుండాది."

"పాడి సెప్పయ్యా సామీ!"

బజారి గొంతు సవరించుకొన్నాడు. తువ్వాలు తీసి భుజాన సర్దుకొన్నాడు. "వాకిలీ... బాగుండాదీ... ఊడ్సినారూ..." అని ఎత్తుకొన్నాడు. మేక తాడు తెంపుకోబోయింది. గోడవతల ఎవరో కొంగు నోట్లో కుక్కుకొని నవ్విన చప్పుడు.

దేవమ్మకు కూడా నవ్వొచ్చింది. రాబోతున్న నవ్వును పళ్ళ మధ్య పట్టి, "యెనుబోతు నయం" అంది.

"అయితే దాన్నే అడగరాదా?" అన్నాడు బజారి, గోడ వైపు గడ్డం ఎత్తి, మెల్లగా.

"నా నోరు పోదు."

"మల్ల ఆడికి పోయి ఏం పాడతావు?"

"నువ్వుండావు గదా" అంది దేవమ్మ. అది ధైర్యమో మొండితనమో ఆమెకే తెలియలేదు. లోపల మాత్రం భయం మొదలైంది. పాడకుండా రెండేళ్లు ఉండడం వేరు, తన దగ్గర ఇక పాటే లేదని తెలియడం వేరు. సుగ్గికి పోయే రోజులు కూడా దగ్గరికి వచ్చాయి. ఈ ఏడు కూడా అట్లాగే మూగగా పోయి మూగగా రావాలంటే, పోనే పోనని ఆమె మనసులో అనుకొంటోంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

పండుగ రోజు వచ్చింది. పొద్దున్నుంచి ఆటోలు, కార్లు. గుండ్ల కింద గుడారాలు వెలిశాయి. ఆదోని నుంచి కవ్వాలి పాడేవాళ్ళు, బళ్ళారి దిక్కు నుంచి పెద్ద డొళ్ళు కొట్టేవాళ్ళు, ఎమ్మిగనూరు నుంచి మగ్గాలు ఆపి వచ్చిన నేతగాళ్ళ భజనమేళం, గిటార్లు పట్టుకొన్న పిల్లలు. డొళ్ళు మోగినప్పుడల్లా ఆ శబ్దం గుండు నుంచి గుండుకు దూకుతూ పోయి, చివరి గుండు దగ్గర ఎవరో జవాబు చెప్తున్నట్టు తిరిగి వచ్చేది. దేవమ్మ ఆ తిరిగి వచ్చే చప్పుడునే విన్నది.

సీతాఫలం చెట్ల పక్కన వంటపందిరి. పెద్ద బాణలి ముందు మరియమ్మ. మిరపకాయలను శనగపిండిలో ముంచి నూనెలో వదులుతోంది. దేవమ్మ ఉతికిన చీర కట్టుకొని అటు పోతుంటే తల ఎత్తలేదు. పక్కనున్న సంఘం ఆమెతో మాత్రం అందరికీ వినబడేటట్టు అంది. "సూస్తివా, మా అన్న కొత్త తువ్వాలు ఏసినాడు. పాట యాడికో పారిపోతాదని కట్టేసేదానికేమో!"

బజారి తువ్వాలు తీసి చంకలో పెట్టుకొన్నాడు.

పొద్దు గుండ్ల మీదికి వాలుతున్నప్పుడు రాధిక వచ్చి చేయి పట్టుకొని తీసుకుపోయింది. వేదికంటూ ఏమీ లేదు. పరుపులా పరుచుకొన్న ఒక పెద్ద గుండు, దాని మీద మైకు. జయరాజు దాన్ని ఆమె నోటి ఎత్తుకు దించాడు.

"ఇంగ రవ్వంత దగ్గరికి రా పెద్దమ్మా. కరవదు."

దేవమ్మ తల ఎత్తి చూసింది. జీవితమంతా ఆమె నేలను చూస్తూ పాడింది. నేలకు కళ్ళుండవు. ఇక్కడ ఎన్ని కళ్ళో. పక్కన బజారి చేతులు కట్టుకొని, ఫొటోకు నిలబడినట్టు నిలబడ్డాడు. ఆమె కొంచెం నడుము వంచింది, చేలో వంచినట్టు. గుండు మీద ఎర్రటి ఎండ పడి ఉంది. దాన్ని చూస్తూ ఎత్తుకుంది.

"ఎర్రాని దారిలో ఎవరొస్తాండారే
ఎవరొస్తాండారే నా యింటి మాట మోసి"

గొంతు మొదట బొంగురుగా వచ్చి, రెండో పాదానికి దారిలో పడింది. పాడి, ఆగింది.

బజారి గుండ్లను చూస్తున్నాడు.

పాట అయిపోయిందనుకొని జనం చప్పట్లు కొట్టారు. ఎంత చిన్న పాట, ఎంత బాగుంది అన్నట్టుగా.

"ఉండండప్పా, ఇంగ కాలేదు" అంది దేవమ్మ మైకులోనే. అందరూ నవ్వారు. ఆమె మోచేత్తో బజారిని పొడిచింది. బజారి తువ్వాలుతో ముఖం తుడుచుకొన్నాడు. ఇక చేసేది లేక రెండో మాట ఎత్తుకొని అడిగింది.

"నా యిల్లు యెట్లుందే నా వాకిలి యెట్లుందే
కట్టేసిన లేగదూడ కన్ను తడిగుందే"

ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇది ఆగిన పాట అని అందరికీ తెలిసిపోయింది. ఎందుకాగిందో తెలియక ఊరుకొన్నారు. గాలి మైకులో బుస్సుమంది. పాట పోయి గుండ్లకు తగిలి తిరిగి వచ్చింది. "ఎట్లుందే" అన్న ఆమె మాటే ఆమె దగ్గరికి తిరిగి వచ్చింది.

ఆ క్షణంలో దేవమ్మకు ఆ జనం కనిపించలేదు. వంటపందిరి వైపు కూడా చూడలేదు. కొత్త కోడలుగా, ఊరు కాని ఊరి చేలో, అడిగిన మాట ఎవరైనా అందుకొంటారా అని బిక్కుబిక్కుమంటూ ఆగిన ఆనాటి పిల్లలా నిలబడింది. నోరు దానంతట అదే తెరుచుకొంది.

"మరియమ్మా."

మైకు ఆ పేరును గుండ్ల మీదికి విసిరింది.

"మరియమ్మా, యాడుండావే? ఇనపడ్లేదా నీకు?"

వంటపందిరి నుంచి, మైకు లేకుండానే అందరికీ వినబడేటట్టు గొంతు వచ్చింది.

"ఇనపడింది! నూనె కాగుతాండాది!"

జనం గొల్లుమన్నారు.

"నూనె దించు!"

"దించితే బజ్జీలు పాడైతాయి!"

"ఈడ నా పాటే పాడైతాంటే నీకు బజ్జీలెక్కువైనాయా!"

నవ్వు ఇంకా ఆగలేదు. ఆ నవ్వు మీదుగానే, చేలు దాటే ఆ గొంతు పైకి లేచింది. ముందు మొదట అడిగిన మాటకు రావలసిన జవాబే వచ్చింది. బాకీ ఉంచకుండా.

"ఎర్రాని దారిలో యేరెవరూ కాదు వదినా
నీ యింటి సల్లగాలి వస్తాంది వదినా
జొన్నకంకి వాసన కొంగున కట్టి"

పాడుతూనే వస్తోంది మరియమ్మ. జనం దారి ఇచ్చారు. ఒక చేతిలో జల్లిగంటె అట్లాగే ఉంది, మోచేతి దాకా శనగపిండి. గుండు కిందికి వచ్చి నిలబడి, పైకెక్కకుండానే, వదినె ముఖం చూసి రెండోది అందుకొంది. అది ఇదివరకు ఎవరూ విననిది.

"సుగ్గి పోయి సుగ్గి వచ్చె అడగకుంటివి వదినా
అడగని మాటకు నేనేమని సెప్పుదు వదినా"

ఎత్తే పని దేవమ్మది, ఆపితే జత చెడుతుంది. ఎత్తింది. మరియమ్మ అందుకొంది. ఒకచోట వాకిట్లో యెనుబోతు కూడా పాట నేర్చిందని జవాబు చెప్పింది. ఊరివాళ్ళు పొట్టలు పట్టుకొన్నారు. ఊరు కానివాళ్ళకు సంగతి తెలియకపోయినా, కొత్త తువ్వాలాయన తల దించుకోవడం చూసి వాళ్ళూ నవ్వారు. జయరాజు ఒక మైకు తీసి కిందికి ఇవ్వబోతే మరియమ్మ జల్లిగంటెతో దాన్ని పక్కకు తోసింది. చివరికి ఇల్లెట్లుందని దేవమ్మ మళ్ళీ అడిగినప్పుడు, మరియమ్మ గొంతు బాగా తగ్గించింది. పక్క సాలులో ఉన్నవాళ్ళకు మాత్రమే వినబడేటట్టు.

"వాకిలి సల్లగుంది వదినా, దూడ పాలు తాగింది
నువ్వు కూకున్న తావొకటే సిన్నబోయింది"

ముందు వరసలో ఉన్నవాళ్ళకు వినబడింది. వెనకవాళ్ళకు వినబడలేదు. రాధిక ఏడుస్తూ ఉంది.

చీకటి పడక ముందే ఇద్దరూ ఒక గుండు వెనకాల, వేడి ఇంకా దిగని రాతికి వీపు ఆనించి కూర్చున్నారు. ఆకుల్లో ఉగ్గాని, బజ్జీ. అవతల గిటార్ల పిల్లలు మొదలుపెట్టారు. కాసేపు తినడమే. తర్వాత దేవమ్మ ఆకు వైపే చూస్తూ అడిగింది.

"ఆ పొద్దు గుడిసెలో నీ పాట ఇన్నా. ఆ యమ్మికి ఎంత గట్టిగా అందుకుంటివే! నాకెప్పుడన్నా అట్ల సెప్పినావా?"

మరియమ్మ నమలడం ఆపింది.

"భాగ్యకు సెప్పినాననుకుంటివా?"

"మల్ల?"

"నీ తలకాయ. ఆ పిల్ల నాకు వదినెట్లయితాది? నా బిడ్డకంటే సిన్నది. గుడిసె యాడ, మా సాలు యాడ? మద్దెలో కాలవ. నువ్వొక్కదానివే జొరంతో పడుకోనుండావు, సాలు ఇడ్సి వస్తే మేస్త్రి ఒప్పడు. గొంతన్నా పోతాది గదా అని అరిస్తి. గొంతు పగిలి మూన్నాళ్ళు మాట రాలేదు. సాయంత్రం గంజి తెస్తే మొగం తిప్పుకుంటివి."

"మరి ఆ పిల్లతో ఎందుకు ఎత్తిస్తివి? నువ్వే పాడకూడదా?"

"ఎవురన్నా అడగకుంటే నాకెట్ల వస్తాది వదినా? నా నోట్లో ఏముంది? ఎత్తమ్మా, నీ కాళ్ళకు దండం పెడతానని ఆ పిల్లను బతిమాల్కుంటి."

దేవమ్మ చేతిలోని బజ్జీ అట్లాగే ఉంది. "వచ్చి నాకీ మాట సెప్పుంటే ఏం పోయె?"

"నువ్వు అడిగితివా?"

అది కోపంగా అన్న మాట కాదు. నిజంగానే అడగని మాటకు జవాబు చెప్పడం తన పని కాదని ఇన్నేళ్ళూ నమ్మినట్టు అంది. దేవమ్మ చూసింది. చూసి, ఆకులో మిగిలిన పెద్ద బజ్జీ తీసి ఆమె ఆకులో వేసింది. మరియమ్మ దాన్ని తుంచి సగం తిరిగి ఇటు వేసింది.

అప్పుడే బజారి ఆకు పట్టుకొని వచ్చి కూర్చున్నాడు.

"ఏమయ్యా, ఆడ నోరెందుకు తెరవలేదు?" అంది దేవమ్మ.

"గొంతు పట్టుకుండె."

"ఇంటికాడ బాగనే వచ్చె గదా?"

"ఈడ పట్టుకుండె" అని బజారి బజ్జీ కొరికాడు. పట్టుకొన్న గొంతులో అది సులువుగానే దిగింది. ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకొన్నారు. అతను ఇంకొకటి కావాలన్నట్టు వంటపందిరి వైపు చూస్తున్నాడు.

లేచి చీరలు దులుపుకొంటున్నప్పుడు దేవమ్మ అంది. "నాకు గూడ రవ్వన్ని జవాబులు నేర్పే. మల్ల నువ్వు అలిగితే నేనేం గావాల?"

"అలిగింది నువ్వు. నేను కాదు."

"ఎవురో ఒకరు. నేర్పు."

"నాకు తెలిస్తే గదా నేర్పేది. నువ్వు అడిగినప్పుడే వస్తాది, అప్పుడే పోతాది" అంది మరియమ్మ. రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, "తెలిసినా నేర్పను. నేర్పితే మా అన్నను పక్కన పెట్టుకొని పాడుకుంటావు" అంది.

మరునాడు పొద్దున్నే దేవమ్మ బిందె తీసుకొని వాకిట్లోకి వచ్చింది. పండుగవాళ్ళు ఇంకా లేవలేదు. గుండ్ల మీద మంచు పట్టి ఉంది. గోడవతల పొయ్యి రాజేస్తున్న పొగ.

"నీళ్ళొచ్చినాయా?" అని అడిగింది.

గుంజ దగ్గర మేక తననే అనుకొని తల ఎత్తింది.

"నిన్ను కాదులే" అంది దేవమ్మ.

"వచ్చినాయి వదినా, నీ బిందె గూడ పెట్టినా, రా" అంది గోడవతలి గొంతు.